క్లచ్ జారుతున్న బండికి ఏ ఆయిల్ పోయాలి?

మీరు అడిగింది ఇది: నాలుగేళ్లుగా వాడుతున్న 150 సీసీ బండి, గాలికి చల్లబడే ఇంజిన్. కంపెనీ ఇచ్చిన మాన్యువల్‌లో 10డబ్ల్యూ-30 అనే చిక్కదనం గ్రేడ్ ఉంది. మీ మెకానిక్ మాత్రం 20డబ్ల్యూ-50 పోస్తే ఇంజిన్ మెత్తగా నడుస్తుందంటున్నారు. ఈలోగా మీ మిత్రుడు కారుకు కొన్న ఖరీదైన ఫుల్లీ సింథటిక్ ఆయిల్ మిగిలిపోతే, వృథా ఎందుకని దాన్నే పోయించారు. మూడు వారాలు తిరిగేసరికి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ హోరు పెరుగుతోంది, బండి మాత్రం లాగడం లేదు. ఇంజిన్‌కు ఏది సరైనది, మినరలా సింథటికా, చైనుకూ ఫోర్కుకూ బ్రేకుకూ ఏవి వాడాలి అన్నది మీ ప్రశ్న.

ముందు ఆ హోరు సంగతి. మీరు చెప్పిన లక్షణం క్లచ్ జారడానిదే. అయితే నేరమంతా ఆయిల్ మీద మోపే ముందు క్లచ్ లీవర్ పట్టుకుని చూడండి. నొక్కడం మొదలుపెట్టినప్పుడు లీవర్ కొసన కొంత వదులు ఉండాలి. చాలా బండ్లకు ఇది 10 నుంచి 20 మిల్లీమీటర్లు. కేబుల్ బిగుసుకుపోయి ఆ వదులు లేకపోతే ఎంత మంచి ఆయిల్ పోసినా క్లచ్ జారుతుంది. వదులు సరిగ్గానే ఉంటే ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో మధ్యస్థ వేగంతో వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ ఇవ్వండి. ఇంజిన్ చప్పుడు ఎగసిపోయి, వేగం ఆ వెనకే పెరగకపోతే క్లచ్ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారుతున్నట్టే. అలా తేలితే ఆ కారు ఆయిల్‌ను వచ్చే సర్వీసు దాకా ఉంచకండి. జారే క్లచ్‌తో తిరిగిన ప్రతి కిలోమీటరూ ప్లేట్లను అరగదీస్తుంది.

ఇరవై ఏళ్లకు పైగా బైకు ఇంజిన్లు విప్పి బిగిస్తున్నాను. నా దగ్గరికి వచ్చిన క్లచ్ ఫిర్యాదుల్లో మీ కథలాంటివి చాలా ఉన్నాయి. ఆయిల్ పోసినవాళ్లలో ఎవరికీ బండి మీద అశ్రద్ధ లేదు. ఖరీదైనది కాబట్టి ఇంకా మంచిదనే నమ్మకంతోనే పోశారు. అందుకే కారణం కాస్త వివరంగా చెప్పాలనిపిస్తోంది.

చాలా కార్లలో ఇంజిన్‌కు ఒక ఆయిల్, గేర్‌బాక్స్‌కు వేరే ఆయిల్ ఉంటాయి. కాలితో తొక్కే క్లచ్ ఉన్న కారులో ఆ క్లచ్‌కు నూనె తగలనే తగలదు, అది పొడిగా పనిచేస్తుంది. గేర్లున్న బైకుల్లో అత్యధిక భాగం ఇలా ఉండవు. పిస్టన్, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్, గేర్లు, క్లచ్ ప్లేట్లు అన్నీ ఒకే నూనెలో మునిగి తేలుతుంటాయి. ఆ ఒక్క లీటరు నూనె మూడు చాకిరీలు చేయాలి. పిస్టన్ దగ్గర రాపిడి తగ్గించాలి. గేరు పళ్ల మధ్య నలిగినా పలచబడకూడదు. క్లచ్ దగ్గర మాత్రం ప్లేట్ల పట్టు సడలకుండా చూడాలి. మొదటి పని జారుడు కోరుతుంది, మూడోది పట్టు కోరుతుంది. బైకు ఆయిల్ తయారీలో ఉన్న నేర్పంతా ఈ రెండింటినీ ఒకే డబ్బాలో కుదర్చడమే.

కారు ఆయిల్ చేసేవారికి క్లచ్ బాధ లేదు. మైలేజీ పెంచడానికి లోహం మీద అతుక్కుని జారుడు పెంచే రసాయనాలు కలుపుతారు. వీటిని ఫ్రిక్షన్ మాడిఫయర్లు అంటారు. 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 వంటి పలచటి ఆయిళ్లలో ఇవి ఎక్కువ. డబ్బా వెనక గుండ్రటి ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ముద్ర ఉంటుంది. దాని కింది భాగంలో రిసోర్స్ కన్సర్వింగ్ అనో, పాత డబ్బాల మీద ఎనర్జీ కన్సర్వింగ్ అనో ఉంటే అది ఇంధనం పొదుపు చేసే ఆయిల్ అని అర్థం. తడి క్లచ్, అంటే నూనెలో మునిగి ఉండే క్లచ్ ఉన్న బైకులో అది పోయకూడదు. మీ మిత్రుడి డబ్బా ఇంకా ఉంటే తిప్పి చూడండి, ఆ మాట కనిపిస్తుందనే నా అనుమానం.

ఇలాంటి ఆయిల్‌తో కొన్ని వేల కిలోమీటర్లు తిరిగిన ఒక బండి క్లచ్ విప్పినప్పుడు చూసింది చెబుతాను. రాపిడి ప్లేట్ల మీద అతికించిన పదార్థం మామూలుగా అట్టముక్కలా మసకగా, వేలికి కాస్త గరుకుగా ఉంటుంది. ఆ బండిలో అది అద్దంలా మెరుస్తోంది. గోరు పెట్టి లాగితే ఎక్కడా ఆనకుండా జారిపోయింది. మధ్యలో ఉండే ఉక్కు ప్లేట్లు మధ్యమధ్య నీలం రంగుకు తిరిగాయి. ఉక్కు బాగా వేడెక్కినప్పుడే ఆ నీలం వస్తుంది. కవర్ తీయగానే మాడిన వాసన గుప్పుమంది. ప్లేట్ల మందం మాత్రం మాన్యువల్ పెట్టిన కనీస హద్దుకు ఇంకా పైనే ఉంది. అరిగిపోక ముందే పాడైపోయిన క్లచ్ అది. అన్ని ప్లేట్లూ మార్చాల్సి వచ్చింది.

ఈ చిక్కును తీర్చడానికే జపాన్ ఆటోమోటివ్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్, పొట్టిగా జాసో, 1998లో నాలుగు స్ట్రోకుల బైకు ఆయిళ్లకు టీ903 అనే ప్రమాణం తెచ్చింది. ఆయిల్‌ను అసలైన క్లచ్ ప్లేట్ల మధ్య పోసి, అవి జారేటప్పుడూ ఆగేటప్పుడూ పట్టు ఎంత ఉందో కొలుస్తారు. పట్టు బాగున్నవి ఎంఏ, తక్కువున్నవి ఎంబీ. 2006లో ఎంఏను మళ్లీ ఎంఏ1, ఎంఏ2 అని విడదీశారు. ఎంఏ2 అంటే పట్టు ఎక్కువ. ఎంబీ ఆయిళ్లు ఆటోమేటిక్ స్కూటర్ల కోసం. వాటి క్లచ్ నూనెకు దూరంగా పొడిగా ఉంటుంది కాబట్టి జారుడు ఉంటే మైలేజీకి మేలే. స్కూటరులో ఎంఏ పోస్తే పెద్ద హాని లేదు, మైలేజీ కొద్దిగా తగ్గవచ్చు. గేర్ల బండిలో ఎంబీ పోస్తే మాత్రం మీకు ఇప్పుడు వచ్చిన కష్టమే వస్తుంది. ఇంట్లో బైకూ స్కూటరూ రెండూ ఉన్నవారు డబ్బాలు కలిసిపోకుండా చూసుకోవాలి.

డబ్బా వెనక చిన్న పెట్టెలాంటి గడిలో ఒక కోడ్ నంబరు, దాని కింద ఎంఏ2 అని అచ్చు వేసి ఉంటుంది. మీరు ఆయిల్ కొనేటప్పుడు మొదట వెతకాల్సింది దాన్నే. ముందువైపు ఉన్న రేసింగ్ బండి బొమ్మ, మెరిసే అక్షరాల పేరు తర్వాత చూడవచ్చు. ఆ గడి ఉంటే డబ్బా మీద లారీ బొమ్మ ఉన్నా నాకు అభ్యంతరం లేదు. డీజిల్ ఇంజిన్ల కోసం చేసిన కొన్ని ఆయిళ్లకు కూడా ఎంఏ గుర్తింపు ఉంది. అది లేకపోతే బైకు బొమ్మ ఉన్నంత మాత్రాన నేను పోయను.

ఇప్పుడు మీకూ మీ మెకానిక్‌కూ మధ్య తగువు, 10డబ్ల్యూ-30 ఆ, 20డబ్ల్యూ-50 ఆ అన్నది. ఈ అంకెల గురించి ఏళ్ల తరబడి బండ్లు బాగుచేస్తున్నవారిలోనూ అపోహలు ఉన్నాయి. డబ్ల్యూ అంటే వెయిట్ కాదు, వింటర్, అంటే చలికాలం. 10డబ్ల్యూ అంటే సున్నాకు దిగువన 25 డిగ్రీల చలిలో కూడా ఇంజిన్ తిరగనిచ్చేంత పలచగా ఉంటుందని. 20డబ్ల్యూకు ఆ పరీక్ష మైనస్ 15 డిగ్రీల దగ్గర. రెండో అంకె ఇంజిన్ వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర ఉండే చిక్కదనం. 30 గ్రేడ్ అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. సెంటీస్టోక్ అన్నది నూనె ఎంత నిదానంగా కారుతుందో చెప్పే కొలత. అంకె పెరిగితే చిక్కదనం పెరిగినట్టు.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా వింటాను. 10డబ్ల్యూ-30 చల్లగా ఉన్నప్పుడు పలచగా ఉండి వేడెక్కితే చిక్కబడుతుందని అనుకుంటారు. అలా ఏ నూనే చేయదు. వేడెక్కితే ప్రతి ఆయిలూ పలచబడాల్సిందే. మల్టీగ్రేడ్ ఆయిల్ తక్కువ పలచబడుతుంది, అంతే. పొడవాటి దారపు పోగుల్లాంటి పాలిమర్లు అందులో కలిపి ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు అవి ముడుచుకుని ఉంటాయి, వేడికి విచ్చుకుని నూనె మరీ నీళ్లలా కాకుండా ఆపుతాయి.

మీ మెకానిక్ మాటలో నిజం లేకపోలేదు. చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజిన్ చప్పుడు తగ్గుతుంది. ట్యాపెట్ల (క్యామ్ కదలికను వాల్వులకు అందించే భాగాలు) దగ్గరా క్యామ్ చైను దగ్గరా ఉన్న టకటకలను మందపాటి నూనె పొర మింగేస్తుంది. చప్పుడు తగ్గింది కాబట్టి ఇంజిన్ మెత్తబడిందని అనిపిస్తుంది. కానీ ఆ చప్పుడు ట్యాపెట్ గ్యాప్ పెరిగిందని బండి చెబుతున్న మాట కావచ్చు. సందు కొలిచే పలచటి రేకు, ఫీలర్ గేజ్, పెట్టి గ్యాప్ సరిచేయాలే గానీ ఆయిల్‌తో దాన్ని కప్పిపెట్టకూడదు. మరోవైపు, 40 డిగ్రీల దగ్గర 20డబ్ల్యూ-50 సాధారణంగా 10డబ్ల్యూ-30 కంటే రెట్టింపు చిక్కగా ఉంటుంది. ఉదయం స్టార్ట్ చేయగానే నూనె పైనున్న క్యామ్ దాకా ఎక్కాలి. చిక్కటి నూనె అక్కడికి చేరడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఆ కాసేపూ క్యామ్ నిన్నటి తడితోనే నెట్టుకురావాలి. దీనికితోడు పికప్ మందగిస్తుంది, మైలేజీ తగ్గుతుంది.

అలాగని మాన్యువల్‌లో ఒకే గ్రేడ్ ఉందని తేల్చేయకండి. ఆయిల్ గురించి చెప్పిన పేజీలో చాలా కంపెనీలు ఒక పట్టిక ఇస్తాయి. పక్కపక్కన గీతలు ఉండి, బయటి ఉష్ణోగ్రత ఇంత నుంచి ఇంతవరకు ఈ గ్రేడ్ అని సూచిస్తాయి. మీ పుస్తకంలో అది ఉండి, మీరు తిరిగే చోట ఎండలకు 10డబ్ల్యూ-40 గీత కూడా అందుతుంటే, గాలికి చల్లబడే ఇంజిన్‌తో గంటల తరబడి ట్రాఫిక్‌లో నిలబడేవారు దాన్ని నిశ్చింతగా వాడవచ్చు. 20డబ్ల్యూ-50 కూడా ఆ పట్టికలో ఉంటే మీ మెకానిక్‌తో నాకు పేచీ లేదు. లేకపోతే మాత్రం పుస్తకం మాటే వినండి. ఆ ఇంజిన్‌లో బేరింగు సందు ఎంత, ఆయిల్ పంపు ఎంత తోడగలదు అన్నవి లెక్కగట్టి పెట్టినవారు రాసిన పుస్తకం అది. లక్ష కిలోమీటర్లు తిరిగి నూనె తాగుతున్న పాత ఇంజిన్‌కు ఒక గ్రేడ్ చిక్కగా పోయడం వేరు. అది మరమ్మతు చేసే లోపు సర్దుబాటు. మీ బండి వయసు నాలుగేళ్లే.

ఇందాక చెప్పిన పాలిమర్ పోగుల గురించి ఇంకొక్క మాట. గేరు పళ్ల మధ్య పడి అవి తెగిపోతుంటాయి. కారు ఇంజిన్ ఆయిల్‌కు ఈ నలుగుడు లేదు, బైకు ఆయిల్‌కు తప్పదు. పోగులు తెగేకొద్దీ 40 గ్రేడ్‌గా పోసిన నూనె 30 గ్రేడ్ దగ్గరికి దిగజారుతుంది. దీన్ని కనిపెట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు, మీ ఎడమ పాదం చాలు. కొత్తగా ఆయిల్ మార్చినప్పుడు గేర్లు వెన్నలో కత్తి దిగినట్టు పడతాయి. కొన్ని వేల కిలోమీటర్లయ్యాక గరుకుగా, కాస్త తన్ని వేయాల్సినట్టు తయారవుతాయి, న్యూట్రల్ ఒక పట్టాన దొరకదు. క్లచ్ కేబుల్ సరిగ్గా ఉండి గేర్లు ఇలా మారితే ఆయిల్ అలసిపోయిందన్నమాట. రంగు మాత్రం మంచి కొలబద్ద కాదు. నల్లబడిన ఆయిల్ మసిని పట్టి ఉంచుతోందని, అంటే తన పని తాను చేస్తోందని అర్థం. భయపడాల్సిన రంగు వేరు. పాలు కలిపిన కాఫీలా మారితే నీళ్లు చేరాయి. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగి, పెట్రోలు వాసన వస్తుంటే ఇంధనం కారి కిందికి దిగుతోంది. అప్పుడు ఆయిల్ మార్చడం ఒక్కటే చాలదు, ఎక్కడ నుంచి దిగుతోందో కనిపెట్టాలి.

రోజుకు రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండ్లకు కాలాన్ని బట్టి ఆయిల్ మార్చాలి. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. అందులో కొంత పిస్టన్ రింగులు దాటి కిందికి వస్తుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది, వేడెక్కకముందే ఆపేస్తే లోపలే నీరై మడ్డి కడుతుంది. కిలోమీటర్లు రాలేదని ఏళ్లు గడిపేయకండి. కిలోమీటర్లు, నెలలు రెండూ రాసి ఉంటే ఏది ముందు వస్తే అది లెక్క.

ఇక ఆయిల్ నాణ్యతా ప్రమాణాన్ని చెప్పే ఏపీఐ అక్షరాలు. ఎస్‌జే, ఎస్‌ఎల్, ఎస్‌ఎమ్, ఎస్‌ఎన్, ఎస్‌పీ అని రెండో అక్షరం ముందుకు జరిగేకొద్దీ ప్రమాణం కొత్తది. ఎస్‌ఎల్ 2001 నాటిది, ఎస్‌ఎన్ 2010, ఎస్‌పీ 2020. మాన్యువల్ చెప్పినదో, దానికంటే కొత్తదో వాడవచ్చు. కొత్త కారు ఆయిళ్లలో క్యామ్‌ను కాపాడే జింకు, ఫాస్ఫరస్ తగ్గించేశారని ఒక దిగులు వినిపిస్తుంటుంది. కార్ల పలచటి గ్రేడ్ల విషయంలో అది నిజమే. ఫాస్ఫరస్ సైలెన్సర్‌లో పొగను శుద్ధిచేసే కెటాలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది కాబట్టి 0.08 శాతానికి మించకూడదని హద్దు పెట్టారు. జాసో బైకు ప్రమాణంలో ఆ 0.08 శాతం కనీసపు హద్దు, గరిష్ఠం 0.12 శాతం. జాసో గడి ఉన్న డబ్బా కొంటే ఆ దిగులు కూడా తీరిపోతుంది.

మినరలా, సెమీ సింథటికా, ఫుల్లీ సింథటికా అని అడిగారు. మినరల్ అంటే ముడిచమురు నుంచి శుద్ధి చేసింది, ఫుల్లీ సింథటిక్ అంటే రసాయన ప్రక్రియతో తయారుచేసింది, సెమీ అంటే రెండూ కలిపింది. ముందుగా ఒక అపవాదు తొలగించాలి: సింథటిక్ కావడం వల్ల క్లచ్ జారదు. జారుడు రసాయనాల వల్ల జారుతుంది. ఎంఏ2 ఉన్న ఫుల్లీ సింథటిక్ మీ క్లచ్‌ను ఏమీ చేయదు. సింథటిక్ బేస్ ఆయిల్ వేడికి తక్కువ ఆవిరవుతుంది, చలిలో సులువుగా పారుతుంది, తొందరగా మడ్డి కట్టదు. ఎక్కువ ఆర్‌పీఎంతో నడిచే పెద్ద ఇంజిన్లకు, గంటల తరబడి వేగంగా వెళ్లేవారికి ఆ తేడా ఉపయోగపడుతుంది. ఊళ్లో తిరిగే మీ 150 సీసీ బండికి సెమీ సింథటిక్ సరిపోతుంది. మినరల్ పోసినా సమయానికి మారిస్తే ఇంజిన్ హాయిగా నడుస్తుంది. మాన్యువల్ ఫలానా రకమే వాడాలని తేల్చి చెబితే అది వేరు. సింథటిక్ పోశానన్న ధీమాతో మార్చే గడువు రెట్టింపు చేయడం మాత్రం నాకు నచ్చని అలవాటు. మసి, పెట్రోలు, లోహపు పొడి దేనికైనా ఒకేలా చేరతాయి.

దారిలో ఆయిల్ తగ్గి, మీ రకం దొరక్కపోతే అదే గ్రేడ్‌లో వేరే కంపెనీది కలపండి. ఆయిళ్లు ఒకదానితో ఒకటి కలవాలన్నది ఏపీఐ ప్రమాణంలోనే ఉన్న షరతు. తక్కువ ఆయిల్‌తో నడపడం కంటే కలిపి నడపడం వెయ్యి రెట్లు నయం.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. గ్రేడ్ల గురించి గంట మాట్లాడేవారిలో కూడా ఆయిల్ మట్టం చూసుకునేవారు తక్కువ. ఒకసారి ఇంజిన్ పైభాగం నుంచి చప్పుడు వస్తోందని బండి తెచ్చారు. డ్రెయిన్ బోల్ట్ విప్పి కింద కొలపాత్ర పెట్టాను. లీటరు పట్టే ఇంజిన్ నుంచి 300 మిల్లీలీటర్లు కూడా పడలేదు. హెడ్ విప్పితే క్యామ్ ఉబ్బు మీద చిన్న చిన్న గుంటలు, గోటితో గీస్తే ప్రతి గుంట దగ్గరా గోరు తట్టుకుంటోంది. అందులో ఉన్నది మంచి ఆయిలే, గ్రేడూ సరైనదే. తగినంత లేదు, అంతే. ఆ యజమాని ముఖం ఇప్పటికీ గుర్తుంది. నెలకు రెండుసార్లు రెండు నిమిషాలు కేటాయిస్తే ఆ ఖర్చు తప్పేది.

మట్టం చూడటానికి ఇంజిన్‌ను మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపి, మరో రెండు మూడు నిమిషాలు ఆగండి. బండిని సైడ్ స్టాండ్ మీద కాకుండా నిటారుగా నిలపండి. డిప్‌స్టిక్‌ను చాలా బండ్లలో మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి, మీ పుస్తకం ఎలా చెబితే అలా. రెండు గీతల మధ్య ఉంటే చాలు. పై గీత దాటి పోయడం కూడా తప్పే. తిరిగే క్రాంక్ నూనెను చిలికి నురగ చేస్తుంది, నురగలో గాలి ఉంటుంది గానీ రక్షణ ఉండదు. పుస్తకంలో ఆయిల్ పరిమాణం రెండు మూడు అంకెల్లో ఉంటుంది: ఊరికే మార్చితే ఇంత, ఫిల్టర్‌తో మార్చితే ఇంత, ఇంజిన్ మొత్తం విప్పితే ఇంత అని. డబ్బాలో లీటరు ఉందని లీటరూ ఒంపేయకండి. డ్రెయిన్ బోల్ట్ వాషర్ కొత్తది వేయండి. బోల్ట్‌ను బలమంతా పెట్టి బిగిస్తే మెత్తటి అల్యూమినియంలో మర చెడిపోతుంది.

ఇంజిన్ ఆయిల్‌లో కలపమని అమ్మే సీసాల మందులు ఏవీ కొనకండి. జారుడు పెంచుతామనేదే వాటి ప్రకటన. మీ క్లచ్‌కు సరిగ్గా పడనిది అదే.

చైను విషయంలో నాకు కాస్త పట్టుదల ఎక్కువ. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌ను చైనుకు పూయడం ఎన్నో చోట్ల చూశాను. అందులో లోహపు పొడి, ఆమ్లాలు ఉంటాయి. అరుగుదల ఆపాల్సిన చోట గరుకు పొడి పూసినట్టవుతుంది. ఇప్పటి చాలా బండ్లలో ఓ-రింగ్ చైనులు ఉంటాయి. పిన్ను చుట్టూ కంపెనీ నింపిన గ్రీజును చిన్న రబ్బరు రింగులు లోపల బంధించి ఉంచుతాయి. మనం బయట నుంచి చేయగలిగింది ఆ రింగులు ఎండిపోకుండా, రోలర్లు తుప్పు పట్టకుండా చూడటమే. కిరోసిన్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో కడిగి, పొడిగుడ్డతో తుడవండి. పెట్రోలు రింగులను పాడుచేస్తుంది, ఇనుప తీగల బ్రష్ వాటిని చీలుస్తుంది. తర్వాత చైను స్ప్రే గానీ, చాలా మాన్యువళ్లు చెప్పే ఎస్‌ఏఈ 80 లేదా 90 గేర్ ఆయిల్ గానీ కింది వరుసకు లోపలివైపు నుంచి పూయండి. చక్రం తిరిగేటప్పుడు నూనె లోపలి నుంచి బయటికి తనంతట తానే పాకుతుంది. రాత్రి పూసి, పొద్దున్నే పైపైన మిగిలింది తుడిచి బండి తీయండి. 500 కిలోమీటర్లకు ఒకసారి, వానలో తడిసిన ప్రతిసారీ ఇది చేయాలి. ఒక్క సంగతి మాత్రం మరవకండి: ఇంజిన్ నడుస్తుండగా, గేరులో పెట్టి చైను తిప్పుతూ గుడ్డ పట్టకండి. గుడ్డతో పాటు వేళ్లు స్ప్రాకెట్‌లోకి పోతాయి. చక్రాన్ని చేత్తోనే తిప్పండి.

గేర్ ఆయిల్ 90 అని చూసి అది ఇంజిన్ ఆయిల్ 50 కంటే ఎంతో చిక్కగా ఉంటుందని అనుకోనక్కర్లేదు. రెండింటికీ కొలబద్దలు వేరు. గేర్ ఆయిల్ 90 చిక్కదనం దాదాపు ఇంజిన్ ఆయిల్ 40, 50 గ్రేడ్లంతే ఉంటుంది.

ముందు ఫోర్కులకు ఫోర్క్ ఆయిలే పోయాలి, ఇంజిన్ ఆయిల్ పనికిరాదు. సన్నటి రంధ్రాల గుండా పైకీ కిందికీ పరుగులు పెట్టేటప్పుడు నురగ రాకుండా ఉండటం దాని ప్రత్యేకత. ఫోర్క్ ఆయిల్ మీద ఉండే 5డబ్ల్యూ, 10డబ్ల్యూ అంకెలు కంపెనీ కంపెనీకీ మారిపోతాయి. ఒకరి 10 మరొకరి 7కు సమానం కావచ్చు. కంపెనీ మార్చేటప్పుడు 40 డిగ్రీల దగ్గర ఎన్ని సెంటీస్టోక్స్ అన్నది పోల్చి చూడండి. రెండు కాళ్లలోనూ పరిమాణం సమానంగా ఉండాలి.

బ్రేకు ద్రవం కందెన కాదు గానీ అడిగారు కాబట్టి చెబుతాను. రిజర్వాయర్ మూత మీదే డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది, అదే పోయండి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. దిగుడు దారిలో వరసగా బ్రేకు వేస్తే ద్రవం మరిగి ఆవిరి పుడుతుంది, లీవర్ మెత్తగా చేతికి వచ్చేస్తుంది, బండి ఆగదు. అందుకే రెండేళ్లకోసారి మార్చాలి, సీలు తీసి చాలాకాలమైన సీసాలోది పోయకూడదు. డాట్ 5 సిలికోన్‌తో చేసింది, మిగతావాటితో కలపరాదు. డాట్ 5.1 పేరు దగ్గరగా ఉన్నా డాట్ 4 జాతిదే. డాట్ 3, డాట్ 4 పెయింటు మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే రంగు లేచిపోతుంది.

చక్రాల బేరింగులకూ స్టీరింగ్ బేరింగులకూ లిథియం గ్రీజు. బ్రేకు క్యాలిపర్ పిన్నులకు మాత్రం సిలికోన్ గ్రీజు, ఎందుకంటే మామూలు గ్రీజు తగిలితే అక్కడి రబ్బరు ఉబ్బి పిన్ను బిగుసుకుంటుంది.

మళ్లీ మీ బండి దగ్గరికి వస్తాను. ఇంజిన్‌ను కాస్త వేడి చేసి ఆ కారు ఆయిల్‌ను పూర్తిగా కారనివ్వండి, బండిని అటూ ఇటూ వంచి మిగిలింది కూడా తీయండి. ఫిల్టర్ మార్చండి. ఎంఏ2 ఉన్న 10డబ్ల్యూ-30, మామూలు మినరల్ అయినా సరే, పోసి 300 కిలోమీటర్లు తిరిగి దాన్ని కూడా తీసేసి, అదే రకం కొత్తది పోయండి. ఎంత కార్చినా పాత ఆయిల్ కొంత లోపల ఉండిపోతుంది, ఈ రెండో మార్పిడితో అది కడుక్కుపోతుంది. ఈ రెండో ఎంఏ2 ఆయిల్‌తో మళ్లీ టాప్ గేరులో ఆ పరీక్ష చేయండి. మూడు వారాలే కాబట్టి పట్టు తిరిగి వచ్చే అవకాశం బాగానే ఉంది. అప్పటికీ జారితే క్లచ్ విప్పించి ప్లేట్ల మందం, స్ప్రింగుల పొడవు మాన్యువల్ హద్దులతో పోల్చమనండి. ఉక్కు ప్లేట్ల మీద నీలం కనిపిస్తే సెట్టు మొత్తం మార్చాల్సిందే. కొత్త రాపిడి ప్లేట్లను బిగించే ముందు అదే ఎంఏ2 ఆయిల్‌లో బాగా నాననివ్వాలని మీ మెకానిక్‌కు గుర్తుచేయండి. తీసిన పాత ఆయిల్‌ను మట్టిలోనో కాలువలోనో ఒంపకుండా ఖాళీ డబ్బాలోకి పోసి, వాడిన ఆయిల్ సేకరించేవారికి ఇవ్వండి. చేతులకు అంటిన దాన్ని సబ్బుతో బాగా కడుక్కోండి.